ఫెలిసిటే కొండవైపు సీమపనస చెట్టు గురించి

దక్షిణ విభాగపు భూముల అధికారి గారి సముఖమునకు,

ఫెలిసిటే గ్రామ నివాసిని యూలాలీ జోసెఫ్ వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: ఫెలిసిటే పాత చక్కెర మిల్లుకు కొండవైపున, కీర్తిశేషులు సెలెస్టిన్ మాతురిన్ వారసుల ఉమ్మడి భూమిలో నిలిచియున్న సీమపనస చెట్టును నరకడానికి ఫెలిసిటే చరిత్ర, వంశావళి సంఘం వారు కోరిన అనుమతిని నిరాకరించవలసిందిగా ప్రార్థన.

సూచిక: సదరు సంఘం వారు తమరి కార్యాలయానికి పంపుకున్న దరఖాస్తు. దానిని శుభ్రంగా తిరగరాసింది నేనే. అందులో చెట్టును 'పొద' అన్నది మాత్రం నేను కాదు.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను కాన్వెంటు బడిలో చదువుకున్నాను. ప్రస్తుతం గ్రామ లైబ్రరీలో పని చేస్తున్నాను. నా దస్తూరి బాగుంటుందని సదరు సంఘం వారు నన్ను తమ సమావేశాల మినిట్స్ రాయడానికి పెట్టుకున్నారు. జీతం లేదు; గౌరవం ఉంటుందన్నారు, అదీ ఇంకా రాలేదు. నేను ఎక్కువ మాట్లాడను. అందువల్ల వారు నా ఎదుట ఏమైనా మాట్లాడతారు. ఈ అర్జీలో ఉన్న మాటలు నేను చెవులారా విన్నవి. వాటిలో చాలామటుకు మినిట్స్‌లో రాయవద్దని నాకు చెప్పినవి.

2. సంఘానికి అధ్యక్షులు మిస్టర్ అల్సిడ్ మోందెజీర్. రిటైరైన హెడ్మాస్టరు. ఎండ ఎంత కాసినా కోటు విప్పరు. కార్యదర్శి మేడమ్ హోర్టెన్స్ కాడెట్, మందుల షాపు వారి ఇల్లాలు. మిగిలిన సభ్యులు కేకు కోసం వస్తారు గనుక వారి పేర్లు తమకు అవసరం లేదు. ఈ ప్రాంతపు వారసత్వాన్ని కాపాడడం తమ ధ్యేయమని వారి ఉత్తరాల నెత్తిన అచ్చు వేసి ఉంటుంది. ఇంతవరకు వారు కాపాడినవి: తోట యజమానులైన ద లోర్మెల్ దొరలు అన్నం తిన్న పింగాణీ కంచాల పెంకులు, ఆ దొరలలో ఒకరి కట్టుడు పళ్ళు, ఒక ఇనుప కడియం. ఈ కడియాన్ని గాజుపెట్టెలో పెట్టి కింద 'పశువుల కాలిగొలుసు' అని రాశారు. అది ఏ ఆవు కాలికీ దూరదు. మేడమ్ కాడెట్ గారు ఒకసారి దాన్ని తుడుస్తూ పరధ్యానంగా తన చేతికి తొడుక్కుని చూసుకున్నారు. చేతికి వదులైంది. కాలికి ఎలా ఉంటుందో ఆమె చూడలేదు. చీటీ కూడా మార్చలేదు.

3. ఉమ్మడి భూమి సంగతి తమకు తెలియనిది కాదు. దొరల తోట ముక్కలై అమ్ముడుపోయినప్పుడు మిల్లు చుట్టూ ఉన్న నేలను సెలెస్టిన్ మాతురిన్ కొన్నాడు. ఆయన కడుపున పుట్టినవారి పిల్లలందరికీ, వారి పిల్లలకీ అది సమానంగా చెందుతుంది. ఎవరూ అమ్మడానికి లేదు, ఎవరినీ వెళ్ళగొట్టడానికి లేదు. కాగితం మీద ఉన్నది చనిపోయిన మనిషి పేరు గనుక సంఘం వారు తమ దరఖాస్తులో దానిని 'యజమాని లేని స్థలం' అని పేర్కొన్నారు. చనిపోయినవారిని వెతికి పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న ఒక సంఘానికి, చనిపోయినవాడు యజమానిగా పనికిరాకపోవడం గమనించదగ్గ విషయం.

4. మా వాళ్ళలో బిడ్డ పుడితే బొడ్డుతాడును ఆ భూమిలో పాతి, దాని మీద ఒక మొక్క నాటుతారు. ఆ చెట్టు ఆ బిడ్డది. ఎంత దూరం పోయినా, ఏ ఊళ్ళో చచ్చినా, ఆ చెట్టు అతనిదే. కాయ కోసుకోవాలంటే అతన్ని అడగాలి. అతను లేకపోతే అతని వాళ్ళని అడగాలి. నువ్వెక్కడివాడివని ఎవరైనా అంటే మేము చూపించేది ఆ చెట్టునే. ఈ విధంగా మిల్లుకు సముద్రంవైపున మా వాళ్ళవి కొబ్బరిచెట్లు, మామిడిచెట్లు ఉండేవి. కొండవైపున ఉన్నది ఒక్క సీమపనస. అది మా నాయనమ్మ ఒడీల్ మొదటి బిడ్డది.

5. ఆ బిడ్డకు బతుకు కొద్ది వారాలే. పెద్ద తుఫానులో కొండచరియ విరిగి ఇంటి మీద పడింది. నాయనమ్మ ఆ సమయంలో వాగు దగ్గర ఉంది. ఇల్లు, ఇంట్లో ఉన్న అత్తగారు, ఉయ్యాల అన్నీ మట్టితో సహా లోయలోకి జారిపోయాయి. వెతికినవారికి ఉయ్యాల తాడు దొరికింది. మరేమీ దొరకలేదు. ఫాదర్ మా వైపు నెలకొకసారి వచ్చేవారు, ఆ నెల ఇంకా రాలేదు గనుక బిడ్డకు బాప్తిస్మం లేదు. తాతయ్య పట్నం నడిచి వెళ్ళి పుట్టుక రాయించాల్సింది, దారి ఆరితే వెళదామనుకున్నాడు. అందువల్ల ఆ బిడ్డకు కాగితం లేదు, సమాధి లేదు, శిలువ లేదు. చరియ అంచున నిన్నగాక మొన్న నాటిన సీమపనస మొక్క మాత్రం మిగిలింది. ఆ బిడ్డ ఒంటిదంటూ ఈ భూమిలో ఉన్నది ఆ వేళ్ళ కింద ఉన్న బొడ్డుతాడు ఒక్కటే.

ఆ చెట్టు కాయలు మా ఇంట్లో వండుకోము. ఊళ్ళో ఎవరింట పురుడు వస్తే నాయనమ్మ తొలి కాయ కోయించి ఆ బాలింతకు పంపిస్తుంది. ఇది ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. ఎందుకని ఎవరూ అడగరు.

6. ఇక సంఘం వారు ఈ చెట్టు దాకా ఎలా వచ్చారో వివరిస్తాను. వచ్చే నెలలో ద లోర్మెల్ వంశస్థులు తమ పూర్వీకుల తోట చూడడానికి ఫ్రాన్సు నుంచి రానున్నారు. వారి రాక కోసం సంఘం వారు చర్చి పక్క హాలులో వంశావళుల ప్రదర్శన ఏర్పాటు చేశారు. ద లోర్మెల్ వారి పటం ఒక గోడ మొత్తం ఆక్రమించింది. అది గుర్రం మీద ఉన్న ఒక వీరుడితో మొదలవుతుంది. మాతురిన్ వారి పటం మరుగుదొడ్డికి పోయే నడవలో వేలాడదీశారు. నాయనమ్మ కళ్ళజోడు తెచ్చుకుని మరీ వచ్చి చూసింది. తన పేరు కింద నలుగురు పిల్లలే ఉన్నారు. అధ్యక్షుల వారిని పిలిచింది.

"నా పెద్దోడేడిరా?"

"పిన్నిగారూ, దానికి పత్రం కావాలి. బాప్తిస్మం కాగితం గానీ, పుట్టుక నమోదు గానీ. పోనీ సమాధి రాయి ఉన్నా సరిపోతుంది."

"చెట్టుంది."

"చెట్టు పత్రం కాదు."

"మరి ఆ గుర్రం మీది దొరకి ఏ పత్రం ఉంది?"

అది ఆ కుటుంబంలో తరతరాలుగా అనుకుంటూ వస్తున్న మాట అని అధ్యక్షుల వారు సెలవిచ్చారు.

"మాదీ అనుకుంటూ వస్తున్న మాటే కదరా," అంది నాయనమ్మ. "నేనే అనుకుంటున్నా."

ఆధారం లేకుండా మనిషిని చేర్చడం వంశావళి శాస్త్రానికి విరుద్ధమని చెప్పి ఆయన కేకు దగ్గరికి వెళ్ళిపోయారు. అదే రోజు సాయంత్రం గుర్రం నోట్లో కళ్ళెం సరిగా లేదని ఎవరో అంటే, దాన్ని దిద్దడానికి రాజధాని కాస్ట్రీస్ నుంచి చిత్రకారుణ్ణి పిలిపించారు.

7. ఆ ప్రదర్శనలో ఒక బొమ్మ ఉంది. దొరల కాలంలో రాగిరేకు మీద చెక్కి అచ్చుతీసినది. అందులో మధ్యన మిల్లు, కుడివైపున విశాలమైన పచ్చిక, దాని మీద గొడుగులు పట్టుకున్న దొరసానులు, ఒక కుక్క. తోట తొలినాటి రూపం ఇదేనని, అతిథులు వచ్చేలోగా స్థలాన్ని ఈ రూపానికి తేవాలని సంఘం వారు తీర్మానించారు. ఆ పచ్చిక అనేది చెరుకు కోశాక మిగిలిన మోళ్ళని ఊళ్ళో ఏ రైతును అడిగినా చెబుతాడు. అడగలేదు. ఆ బొమ్మలో కుక్క ఉంది గాని చెరుకు నరికినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ ఒక్క విషయంలో సంఘం వారు బొమ్మను తు.చ. తప్పకుండా అనుసరిస్తున్నారని ఒప్పుకోవాలి.

ద లోర్మెల్ వారు పచ్చిక కావాలని అడగలేదన్నది కూడా తమ దృష్టికి తెస్తున్నాను. వారి ఉత్తరం నేనే చదివి వినిపించాను. తమ వెంట పెద్దావిడ ఒకరు వస్తున్నారని, ఆమె ఎండకు ఆగలేరని, మిల్లు దగ్గర నీడ ఉంటుందా అని అడిగారు. అంతే అడిగారు.

8. శిథిలాల చుట్టూ 'పొదలు, కలుపు' తొలగించుకోవచ్చని తమ కార్యాలయం సంఘం వారికి ఒక ఉత్తరం ఇచ్చి ఉంది. ఆ ఉత్తరం పట్టుకుని, ఊరి మగవాళ్ళు వేటకు సముద్రం మీదికి వెళ్ళిన ఒక ఉదయం, పట్నం నుంచి తెచ్చిన రంపం మిషన్లతో మిల్లుకు కుడివైపు చెట్లన్నీ నేలకూల్చారు. నాయనమ్మ మామిడి కూడా అందులో పోయింది. ఆ మొద్దు చుట్టూ ఒకసారి తిరిగి, "పోన్లే, నేనూ పోయేదాన్నేగా," అని ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆమె చెట్టు చెట్టుకూ ఏడ్చే మనిషని సంఘం వారు తమకు చెప్పి ఉంటారు.

మా చినతాత కొడుకు ఇగ్నెస్ వేట నుంచి వచ్చేసరికి అతని కొబ్బరిచెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. మేడమ్ కాడెట్ గారు అతనికి నచ్చజెప్పి, చెట్లు పోయిన వారందరికీ ఇస్తున్నట్టే అతనికీ ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు: వారసత్వ పరిరక్షణకు సహకరించినందుకు. ఇగ్నెస్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే అమ్మగారూ, నన్నెవడన్నా నువ్వెక్కడోడివిరా అంటే ఇది చూపించాలా?"

అవునని, ఫ్రేము కట్టించుకుంటే చాలాకాలం ఉంటుందని ఆమె చెప్పారు. మర్నాడు అతను ఆమెకు చేప అమ్మాడు. చేపను అందులోనే చుట్టి ఇచ్చాడు.

9. ఊళ్ళో గొణుగుడు ఎక్కువైందని సంఘం వారు గ్రామస్థులతో ఒక సమావేశం జరిపారు. సమావేశం ఇంగ్లీషులో జరుగుతుందని, గ్రామస్థులు ఊరి మాటలో చెప్పేది నమోదు కాదని నాకు ముందే ఆదేశం. సభ్యులందరికీ ఊరి మాట వచ్చు. అధ్యక్షుల వారు వంటమనిషిని తిట్టేది అందులోనే. కాబట్టి ఆనాటి మినిట్స్‌లో లేనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

అధ్యక్షుల వారు లేచి, మూలాలు తెలియని జాతి గురించి గంభీరంగా మొదలుపెట్టారు. నాయనమ్మ కూర్చున్న చోటు నుంచే అందుకుంది.

"ఒరే అల్సిడూ, కాస్త కూర్చో. అటు చివర ఒక మోడు మిగిలింది, చూశావా? అది నీదే. మీ అమ్మ మా పెరట్లో పురుడు పోసుకుంది. కాన్పు చేసింది మా అమ్మ, గొయ్యి తవ్వింది నేను. నీ బొడ్డు నువ్వే కోయించుకున్నావు, ముసలితనంలో."

ఆయన తెల్లబోయారు. తాను కాస్ట్రీస్ ఆసుపత్రిలో పుట్టానని, సర్టిఫికెట్ ఉందని అన్నారు. ఆ సర్టిఫికెట్ ఆయన్ని పెద్దబడిలో చేర్చడానికి తర్వాత ఎప్పుడో సంపాదించినదని హాలులో ముసలివాళ్ళందరికీ తెలుసు. ఆయన తల్లి మా సెలెస్టిన్ మనవరాలు, దొరల బట్టలు ఉతికేది. ఆయన స్వయంగా గీసుకున్న మోందెజీర్ వారి పటంలో ఆమెకు పేరు తప్ప మరేమీ లేదు. అంటే ఈ 'యజమాని లేని స్థలానికి' యజమానులలో అధ్యక్షుల వారు ఒకరు. ఆ సంగతి దరఖాస్తులో కనబడదు.

"అందుకా, మేష్టారికి ఈమధ్య కాళ్ళు నేల మీద ఆనడం లేదు," అన్నాడు వెనక నుంచి ఇగ్నెస్.

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో నాయనమ్మ లేచి, చేతికర్ర పొడుచుకుంటూ బొమ్మ దగ్గరికి వెళ్ళింది. ముక్కు ఆనించి చూసింది.

"ఇదేమిట్రా, సముద్రం ఎడమవైపుంది?"

కర్రతో బొమ్మలోని సముద్రాన్ని చూపించింది.

"రోడ్డు మీద నిలబడి మిల్లుకేసి చూస్తే సముద్రం కుడిచేతివైపు కదా. ఎప్పుడు లేచి అటెళ్ళింది? నేను కునుకు తీస్తున్నప్పుడు వెళ్ళుంటుంది."

జనం మళ్ళీ నవ్వారు. సంఘం వారు నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ ఊళ్ళో ఉన్నవారు, ఆ బొమ్మను నెలల తరబడి భూతద్దం పెట్టి చూసినవారు, దానిమీద ఒక వ్యాసం కూడా ప్రకటించినవారు, సముద్రం ఏ వైపుందో అప్పుడే మొదటిసారి ఆలోచించారు. నాకు తెలిసినంతలో వారిలో కొందరు కిటికీలోంచి బయటికి చూసి నిర్ధారించుకున్నారు.

10. ఆ తర్వాత జరిగినదే ఈ అర్జీకి కారణం. రేకు మీద ఉన్నది ఉన్నట్టు చెక్కితే కాగితం మీద కుడిది ఎడమకు, ఎడమది కుడికి పడుతుంది. ఈ సంగతి మేడమ్ కాడెట్ గారికి ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చింది. ఆమె ముఖం వికసించింది.

"అధ్యక్షా, అలాగైతే పచ్చిక ఉన్నది కొండవైపు. మనం నరికింది తప్పు వైపు."

అధ్యక్షుల వారికి ప్రాణం లేచొచ్చింది. పొరపాటు తెలిసినప్పుడు దిద్దుకోవడమే నిజమైన పరిశోధన అని అన్నారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. కొండవైపు కూడా శుభ్రం చేయడానికి, అటు ఇప్పటికే ఉన్న ఉత్తరం వర్తించదు గనుక తమరి వద్ద కొత్తగా అనుమతి తీసుకోవడానికి, అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించారు. తప్పు వైపు నరికిన చెట్ల ప్రస్తావన ఎవరూ తేలేదు. అవి ఆ క్షణం నుంచి వారికి చరిత్ర కూడా కాదు. ఇంత విలువైన ఆవిష్కరణకు తోడ్పడినందుకు శ్రీమతి ఒడీల్ జోసెఫ్‌కు సంఘం కృతజ్ఞతలు తెలుపుతున్నట్టు మినిట్స్‌లో రాయమన్నారు. రాశాను. వారి మినిట్స్‌లో నాయనమ్మ పేరు ఉన్నది ఆ ఒక్క చోటే.

11. నాయనమ్మను ఇంటికి నేనే నడిపించుకొచ్చాను. వాగు దాటాక రాతి మీద కూర్చుంది.

"నా నోరే వాళ్ళకి దారి చూపించింది కదే," అంది.

కాదన్నాను. ఆమె వినలేదు. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే కుర్చీ తీసుకెళ్ళి చెట్టు కింద వేసుకుని కూర్చుంటోంది. వాన పడితే గొడుగు వేసుకుంటుంది. ఆమె నోటికి ఊరంతా భయపడుతుంది. ఆ సమావేశం తర్వాత ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇగ్నెస్ పోయి నవ్వించాలని చూశాడు. మేష్టారి మోడు చిగురు వేస్తోందని అబద్ధం చెప్పాడు. ఆమె నవ్వలేదు. అధ్యక్షుల వారు ఒకసారి అటు వచ్చి, పిన్నిగారికి కావాలంటే చెట్టు ఫోటో తీయించి ప్రదర్శనలో పెడతామని, కింద 'స్థానిక నమ్మకాలు' అని రాయిస్తామని చెప్పారు. ఆయన మంచి చేస్తున్నాననే అనుకున్నారు. అది నాకు మరీ దుర్భరంగా తోచింది.

12. సంఘం వారిది దుర్మార్గమని నేను అనను. దుర్మార్గానికి కొంత శ్రద్ధ కావాలి. వారు చనిపోయినవారిని ప్రేమిస్తారు, కాకపోతే ఆ చనిపోయినవారు ఎవరికీ ఏమీ కాని వారై ఉండాలి, వీలుంటే గుర్రం మీద ఉండాలి. బతికున్న ముసలామె ఎదురుగా నిలబడి నాకో కొడుకు ఉండేవాడంటే పత్రం అడుగుతారు. ఇటువంటి వారి చేతిలో ఒక ప్రాంతపు జ్ఞాపకాన్ని పెట్టడం కన్నా మరిచిపోవడమే మర్యాద.

కావున తమరిని ప్రార్థించునది:

(అ) కొండవైపు సీమపనస పొద కాదని, చెట్టని, అది యజమాని లేని స్థలంలో లేదని గుర్తించి, సదరు అనుమతిని నిరాకరించవలెను.

(ఆ) సందేహమున్నచో తమరు స్వయంగా వచ్చి చూడవలెను. నీడ ఉంటుంది.

(ఇ) ద లోర్మెల్ వారికి తొలినాటి దృశ్యం చూపించడం అత్యవసరమే అయితే, ఆ బొమ్మను ఒక అద్దానికి ఎదురుగా పెట్టవలసిందిగా సంఘం వారిని ఆదేశించవలెను. సముద్రం తన చోటికి తాను వస్తుంది. చెట్లతో పని ఉండదు. ఈ సలహాకు నేను ప్రశంసాపత్రం కోరడం లేదు.

రంపం మిషన్లు తిరిగి రాకముందే ఈ సంగతులన్నీ చిత్తగించవలెనని, జవాబు ఆలస్యమైతే చదవడానికి మాత్రమే పనికొస్తుందని మనవి.

ఇట్లు,
తమ విధేయురాలు, సదరు సంఘానికి ఇకపై కాని,
యూలాలీ జోసెఫ్

తా.క. పైదంతా నాయనమ్మకు చదివి వినిపించాను. చెట్టు కిందే కూర్చుని కందికాయలు వలుస్తూ విన్నది. అల్సిడ్ సంగతి ఇంకొంచెం గట్టిగా రాయాల్సిందట. అద్దం సంగతి బాగుందట. ఆ తర్వాత, "అన్నీ రాశావు గాని, వాడి పేరేదీ?" అని అడిగింది.

నాకు తెలియదని చెప్పాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా నాన్నకీ తెలియదు. ఎప్పుడూ 'పెద్దోడు' అనే విన్నాము. ఫాదర్ రాకుండా పేరు పెట్టి పిలవకూడదని ఆ రోజుల్లో అనేవారట, అందుకని చెవిలో తప్ప పైకి అనలేదట.

చేతిలోని కాయలు వలవడం ముగించింది.

"ఆఫీసులో ఈ కాగితం అందిందని ముద్ర వేసి, ఒకటి మనకి ఇస్తారా?"

ఇస్తారని చెప్పాను.

"అయితే రాయి. తండ్రి పేరు కూడా రాయి, లేకపోతే మళ్ళీ అడుగుతారు."

చెట్టు విషయం తమ దయ. ముద్ర మాత్రం తమ విధి. అనుమతి ఇచ్చినా ఇవ్వకపోయినా, ఈ పుట మీద స్పష్టంగా ముద్ర వేయించి, తేదీతో నకలు ఇప్పించవలెను.

పేరు సిప్రియెన్. తండ్రి ఎమిల్ జోసెఫ్. తల్లి ఒడీల్. ఊరు ఫెలిసిటే.

వయసు దగ్గర ఏం రాయమంటావని అడిగాను. ఇంకా పళ్ళు రాలేదని రాయమంది.